తగ్గని చెవిపోటు – దవడకీలు

చెవిపోటు ఎరుగనివారు లోకములో అరుదు. పసితనమున జలుబు చేసిన రాత్రి చెవి పట్టుకొని ఏడ్వని బిడ్డ లేదు. గుడ్డ వెచ్చచేసి కాపడము పెట్టని తల్లియు లేదు. చెవిలో చీము పట్టుట, గులిమి గట్టిపడుట, స్నానపు నీరు నిలిచి కర్ణనాళము వాచుట మొదలైనవి అందరికిని తెలిసిన కారణములే. ఇట్టి పోటు తగిన చికిత్సతో కొద్ది దినములలో ఉపశమించును. కాని కొందరి విషయమున నెలలు గడచినను చెవిపోటు విడువదు. వైద్యుడు దీపపు వెలుగున చెవిలోనికి చూచి, "చెవి శుభ్రముగనే ఉన్నది, కర్ణభేరి చక్కగనే ఉన్నది" అనును. రోగి పడు బాధ నిజము. చెవి ఆరోగ్యముగ ఉండుటయు నిజమే. ఈ రెండు నిజములకు పొత్తు ఎట్లు కుదురును? ఈ వ్యాసమున మేము వివరింపదలచిన విషయమిదియే.

ఈ విషయముపై మాకు శ్రద్ధ కలుగుటకు కారణము కలదు. మాతో చదివిన మిత్రుడొకనికి వార్షిక పరీక్షలకు ముందు ఎడమ చెవిలో పోటు ఆరంభమైనది. మొదట చుక్కల మందు వేసిరి. తగ్గలేదు. మందు మార్చిరి. సూక్ష్మజీవులను చంపు మాత్రలు మూడు దఫాలు వాడించిరి. ఇంటిలో పెద్దలు వెల్లుల్లి కాచిన నూనె పోసిరి. చివరకు ఒకచోట, "జ్ఞానదంతము వలన వచ్చిన పోటు" అని చెప్పి దంతమును ఊడబెరికిరి. దంతము పోయినది గాని నొప్పి పోలేదు. అతడు ఆ సంవత్సరము రెండు పరీక్షలు వ్రాయలేకపోయెను. నాలుగు నెలల పిమ్మట వేరొక దంతవైద్యురాలు అతని చెవుల ముందర చెరియొక వ్రేలు ఉంచి, నోరు మెల్లగ తెరువుమని మాత్రము కోరినది. ఎడమ ప్రక్క వ్రేలి క్రింద 'టక్కు' మని శబ్దమైనది. ఆమె అచ్చట కొంచెము నొక్కగనే మా మిత్రుడు, "ఇదే డాక్టరుగారూ, ఇదే ఆ నొప్పి!" అనెను. నొప్పి పుట్టిన చోటు చెవి కాదు, దంతము కాదు. దవడకీలు, దానిని కదలించు కండరములు.

దవడకీలు నిర్మాణము

చెవి రంధ్రమునకు ముందు చిన్న తమ్మె వంటి మృదులాస్థి కలదు. దానికి కొద్దిగ ముందు చూపుడు వ్రేలు ఆనించి నోరు తెరచి మూసినచో, వ్రేలి క్రింద ఒక గుబ్బ కదలుట మనకు తెలియును. క్రింది దవడ ఎముక యొక్క తల అదియే. అది కణత ఎముక అడుగుభాగమున నున్న ఒక గుంటలో అమరియుండును. ఈ రెండు ఎముకల నడుమ మెత్తని బిళ్ళ వంటి కణజాలము ఒకటి కలదు. ఎముకలు ఒరసికొనకుండ కాపాడునది ఈ బిళ్ళయే. కీలునకును కర్ణనాళమునకును మధ్య నున్న అడ్డు మిక్కిలి పలుచని ఎముక పలక మాత్రమే. చిటికెన వ్రేలిని చెవి రంధ్రమున మెల్లగ ఉంచి నోరు కదిపినను కీలు కదలిక తెలియుచుండుటకు ఇదియే హేతువు.

ఈ కీలు రెండు విధములుగ పనిచేయును. నోరు తెరచుట మొదలిడినపుడు తలుపు బందువలె తిరుగును. నోరు ఇంకను పెద్దదిగ తెరచినపుడు దవడ తల బిళ్ళతో కూడ ముందుకు జారును. ఇంతేగాక కుడియెడమల రెండు కీళ్ళును ఒకే దవడ ఎముకకు చెందినవి గావున, ఒకటి కదలక రెండవది కదలజాలదు. ఒక ప్రక్క దోషము రెండవ ప్రక్కకు శ్రమ కలిగించుట ఇందువలననే. బిళ్ళ తన స్థానము తప్పి ముందుకు జారియున్నచో, నోరు తెరచునపుడు దవడ తల దాని అంచు దాటి బిళ్ళ క్రిందికి చేరును. అపుడు వినవచ్చునదే ఆ 'టక్కు' శబ్దము. నొప్పి లేని శబ్దము చాలమందిలో ఉండును. దానికి చికిత్స అవసరము లేదు, భయపడనవసరము అంతకన్న లేదు.

దవడను మూయు కండరములు బలిష్ఠములు. దవడ మూలను కప్పియుండు నమలు కండరము, కణతపై విసనకఱ్ఱ వలె పరచుకొనియుండు కణత కండరము మనము చేతితో తడిమి తెలిసికొనదగినవి. పండ్లు బిగించినచో అవి గట్టిపడును. లోపలి వైపున మరి రెండు కండరములు కలవు. ఈ వ్యాధిలో పెక్కుసార్లు నొప్పి పుట్టునది కీలులోకంటె ఈ కండరములలోననియే ఎరుగవలెను.

దవడ నొప్పి చెవిలో ఏల తెలియును?

మెదడునుండి వెలువడు పండ్రెండు జతల నాడులలో ఐదవది త్రిధార నాడి. పేరునకు తగినట్లు అది మూడు పాయలుగ చీలును. మూడవ పాయ క్రింది దవడకు, క్రింది పండ్లకు, నమలు కండరములకు పోవును. దాని కొమ్మ యొకటి దవడకీలు వెనుకగ సాగి, చెవి ముందునుండి కణతపైకి ఎక్కును. ఈ కొమ్మయే త్రోవలో కీలునకు పోగులనిచ్చును. కర్ణనాళపు ముందు గోడకును, కర్ణభేరి వెలుపలి ముఖమునకును పోగులనిచ్చును. అనగా కీలుకును చెవికిని వార్తాహరి ఒక్కటే.

రెండు వాటాలు గల ఇంటికి వీధివాకిట ఒకే గంట ఉన్నదనుకొందము. గంట మ్రోగినపుడు అతిథి ఏ వాటాకు వచ్చెనో లోనివారికి తెలియదు. మెదడు పరిస్థితియు అట్టిదే. కీలునుండి వచ్చిన బాధావార్తను అది చెవినుండి వచ్చినట్లు భావించును. గుండెజబ్బున ఎడమ చేయి నొప్పియగుట మనము వినియున్నాము. అచట చేతికి ఏ రోగమును లేదు. ఇచట చెవి సంగతియు అంతే.

చెవికి వార్తలు తెచ్చు నాడి ఇదొక్కటియే అయినచో రోగనిర్ణయము సులభమయ్యెడిది. కాని ఏడవ, తొమ్మిదవ, పదవ శిరోనాడుల శాఖలును, మెడ పైభాగపు నాడుల శాఖలును చెవికి వచ్చుచున్నవి. కావుననే టాన్సిల్సు వాచినను, గొంతులో పుండు పడినను, నాలుక మొదట వ్యాధి పుట్టినను, దంతము పుచ్చినను, మెడ పూసలు అరిగినను చెవిపోటు రావచ్చును. ఇంతటి చిన్న అవయవమునకు ఇన్ని నాడులు చేరుట శరీరమున విశేషమే.

చెవికి దవడకు గల ప్రాచీన బంధుత్వము

ఈ సామీప్యము కేవలము ఇరుగుపొరుగు బంధము కాదు. రక్తసంబంధమే అనవచ్చును. మన మధ్యకర్ణమున కూటకము, దాగలి, అంకవన్నె అను మూడు చిన్న ఎముకలు కలవని పాఠశాలలో చదివియున్నాము. గర్భస్థ శిశువున క్రింది దవడ ఏ చాపమునుండి ఏర్పడునో, కూటకమును దాగలియు ఆ మొదటి చాపమునుండియే ఏర్పడును. 1837లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు కార్ల్ రైఖర్ట్, ఈ రెండు ఎముకలు సరీసృపముల దవడకీలులోని రెండు ఎముకలకు సమానములని చూపెను. అనగా బల్లి నోరు తెరచుటకు వినియోగించు ఎముకలే మార్పు చెంది మనకు వినికిడి సాధనములైనవి. క్షీరదములకు పూర్వులైన జంతువుల శిలాజములలో ఈ మార్పు దశలవారీగ కానవచ్చుచున్నది. కర్ణభేరిని బిగించు చిన్న కండరమునకు నేటికిని ఆజ్ఞలనిచ్చునది దవడ నాడియే.

ఈ విషయము ఎట్లు గుర్తింపబడినది?

దవడకీలు తొలగుట ప్రాచీనులు ఎరిగినదే. ఈజిప్టు దేశపు ఎడ్విన్ స్మిత్ పత్రమున తొలగిన దవడను బొటనవ్రేళ్ళతో సరిచేయు విధానము వ్రాయబడియున్నది. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసును దీనిని వర్ణించెను. మన సుశ్రుతుడు సంధి తప్పిన దవడకు చికిత్స చెప్పెను. ఇబ్న్ సీనా తన 'కానూను' మూడవ గ్రంథమున శిరస్సు మొదలు పాదముల వరకు రోగములను వరుసగ వివరించుచు చెవి రోగములకు ప్రత్యేక స్థానమొసంగెను.

అయినను, చెవిబాధల సముదాయమునకు దవడకీలు మూలము కావచ్చునని విస్తృతముగ ప్రచారము గావించినవాడు అమెరికాలోని సెయింట్ లూయీ నగరపు చెవి, ముక్కు, గొంతు వైద్యుడు జేమ్స్ కోస్టెన్. 1934లో ఆయన 11 మంది రోగుల చరిత్ర ప్రకటించెను. వెనుక పండ్లు ఊడినవారిలో దవడ మితిమీరి మూసికొని, దాని తల వెనుకకు పోయి నాడిని నొక్కుచున్నదని ఆయన సిద్ధాంతము. 1948లో శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు హ్యారీ సిషర్, ఎముకల అమరికను బట్టి అట్టి ఒత్తిడి సంభవము కాదని వాదించెను. 1969లో డేనియల్ లాస్కిన్, పండ్ల కూర్పుకన్న కండరముల అలసటయు, మానసిక ఒత్తిడియు ముఖ్య కారణములని ప్రతిపాదించెను. కోస్టెన్ చెప్పిన కారణము నిలువలేదు గాని ఆయన గమనించిన సంబంధము నిలిచినది. శాస్త్రమున ఇట్లు జరుగుట క్రొత్త కాదు.

లక్షణములు

దవడకీలు వలన కలుగు చెవిపోటునకు కొన్ని గుర్తులు కలవు. నమలునపుడు, ఆవులించునపుడు, చాలసేపు మాటాడినపుడు నొప్పి హెచ్చును. పండ్లు కొరుకు అలవాటు గలవారికి తెల్లవారి లేవగనే దవడ అలసియుండును. నొప్పి చెవి ముందునుండి కణతకు, చెంపకు, ఒక్కొక్కసారి మెడకు ప్రాకును. చెవి మూసికొనినట్లు, లోన హోరు వినిపించినట్లు తోచవచ్చును. జ్వరము, చీము కారుట ఉండవు. నోరు తెరచునపుడు దవడ ఒక ప్రక్కకు ఒరుగుట, మధ్యలో పట్టుకొనుట కొందరిలో కనిపించును.

నోరు తెరచు కొలతకు సులభమైన పరీక్ష కలదు. తన చూపుడు, నడిమి, ఉంగరపు వ్రేళ్ళను మూడింటిని నిలువుగ పేర్చి ముందుపండ్ల నడుమ ఉంచగలిగినచో చాలవరకు సరియైన కొలతయే. అది సుమారు 40 మిల్లీమీటర్లు. రెండు వ్రేళ్ళును పట్టనిచో వైద్యుని సంప్రతింపవలెను.

ఈ బాధ సాధారణముగ 20 మొదలు 40 ఏండ్ల నడిమి వయస్సున హెచ్చు. పురుషులకన్న స్త్రీలలో హెచ్చు. దీనికి ఒకే కారణమని చెప్పుటకు వీలులేదు. నిద్రలో పండ్లు కొరుకుట, మెలకువలో తెలియకయే బిగబట్టుట, దవడకు దెబ్బ తగులుట, కీళ్ళవాతము, నిద్రలేమి, దిగులు మొదలైనవి కలసి పనిచేయును. ఇచట విద్యార్థులు గమనింపవలసినది ఒకటి కలదు. విశ్రాంతి స్థితిలో పెదవులు కలిసియుండును గాని పై పండ్లును క్రింది పండ్లును తాకియుండవు. పరీక్షలకు చదువుచున్నవారు తమ దవడను ఒక్కమారు పరిశీలించుకొన్నచో, పెక్కుమంది పండ్లు బిగించియుండుట బయటపడును. గడ్డమును అరచేతిపై మోపి గంటలకొలది చదువుట, ఫోనును చెవికి భుజమునకు నడుమ ఇరికించుకొని మాటాడుట, గోళ్ళు, కలములు కొరుకుట, చ్యూయింగ్ గమ్ము ఎడతెగక నములుట కూడ కీలునకు శ్రమయే.

పొరబడరాని సందర్భములు

చెవిలో దోషము కనబడలేదు గావున దవడకీలే కారణమని తొందరపడుటయు ప్రమాదమే. దంతము ఊడబెరికించుకొన్న మా మిత్రుని పొరపాటు ఒక విధమైనది. దానికి ఎదురైన పొరపాటు ప్రాణమునకే ముప్పు తేగలదు.

మొదటిది పొగాకు. బీడీ, సిగరెట్టు, జర్దా పాను, గుట్కా అలవాటు గలవారికి, అందును నడివయస్సు దాటినవారికి, ఒక ప్రక్క చెవిపోటు విడువకుండ ఉండి చెవి ఆరోగ్యముగ ఉన్నచో నాలుక మొదలు, టాన్సిల్సు, గొంతు తప్పక పరీక్షింపబడవలెను. గొంతు క్యాన్సరుకు చెవిపోటు తొలి సూచన కావచ్చును. మింగుట కష్టమగుట, కంఠస్వరము మారుట, మెడలో గడ్డ, మానని పుండు తోడైనచో ఒక్కరోజు ఆలస్యము కూడ తగదు.

రెండవది వక్క. వక్క నమలువారి నోటి లోపలి పొర క్రమముగ తెల్లబారి, గట్టిపడి, నోరు తెరచుకొనుట తగ్గును. కారము తగిలిన మంట పుట్టును. చెవిపోటు కూడ రావచ్చును. ఇది కీలు దోషము కాదు. ఈ వ్యాధిని 1952లో ష్వార్ట్జ్ అను వైద్యుడు కెన్యాలోని భారతీయ స్త్రీలలో వర్ణించెను. మరుసటి సంవత్సరమే మన దేశమున జోషి అను వైద్యుడు దీనికి పేరిడెను. ఇది క్యాన్సరుకు దారితీయగలదు. వక్క స్వయముగ క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించినది. పొగాకు లేని పాను హానికరము కాదను నమ్మకము మన విందులలో నేటికిని బలముగ ఉన్నది, అది సరికాదు.

మూడవది మధుమేహము. ఈ వ్యాధి గలవారికి రాత్రులు నిద్రపట్టనీయని తీవ్రమైన చెవిపోటు కలిగినచో, సూక్ష్మజీవులు కపాలపు ఎముకకు ప్రాకుచున్నవేమో చూడవలెను. ముఖము ఒక ప్రక్కకు వంకరపోవుట మరింత అపాయకరమైన గుర్తు. నాలుగవది, 50 ఏండ్లు దాటినవారికి నమలుచుండగ దవడ నొప్పియెత్తి, ఆపగనే తగ్గుచు, కణత నొప్పి, చూపు మందగించుట తోడైనచో కణత ధమని వాపును అనుమానింపవలెను. ఆలస్యమైనచో చూపు పోవును. నడచినపుడు, మెట్లెక్కినపుడు వచ్చు దవడనొప్పి గుండెకు సంబంధించినది కావచ్చును.

చికిత్స

దవడకీలు బాధ పెక్కుమందిలో శస్త్రచికిత్స లేకయే తగ్గును. రోగికి మొదట కావలసినది ధైర్యము: ఇది క్యాన్సరు కాదు, చెవుడు కాదు, కల్పన అంతకన్న కాదు.

కొన్ని వారములు మెత్తని ఆహారము తీసికొనవలెను. కిచిడీ, పెరుగన్నము, ఇడ్లీ వంటివి మేలు. చెరకు, మురుకులు, గట్టి మాంసపు ముక్కలు, ఎముకలు కొరుకుట మానవలెను. వేడినీట తడిపి పిండిన గుడ్డను దవడపై పది నిమిషములు ఉంచినచో కండరములు సడలును. ఆవులింత వచ్చినపుడు గడ్డము క్రింద చేతిని ఆనించి నోరు మితిమీరి తెరువకుండ చూచుకొనవలెను. "పెదవులు కలిసి, పండ్లు విడివడి" అను సూత్రమును గోడపై వ్రాసి పెట్టుకొన్నను తప్పులేదు. నాలుక కొనను పై ముందుపండ్ల వెనుక మెల్లగ ఆనించినచో దవడ తనంతట సడలును. నొప్పి మాత్రలు వైద్యుని సలహాపై కొద్ది దినములు మాత్రమే వాడదగినవి. చెవిలో కాచిన నూనె పోయుట, పుల్లలు త్రిప్పుట ఏ చెవిపోటునకును తగవు; కర్ణభేరికి చిల్లి పడియున్నచో నూనె మరింత కీడు చేయును.

ఇవి చాలనిచో దంతవైద్యుడు, ఫిజియోథెరపిస్టు కలసి వ్యాయామములు నేర్పుదురు. కొందరికి రాత్రి పండ్లపై తొడుగుకొను పలకను అమర్చుదురు. 2023లో 'బి.ఎమ్.జె.' అను బ్రిటిష్ వైద్యపత్రిక ప్రచురించిన మార్గదర్శకములు, దీర్ఘకాలపు నొప్పికి వ్యాయామములను, దవడను మెల్లగ కదలించు చికిత్సను, ఆలోచనలను అలవాట్లను సరిదిద్దు మానసిక చికిత్సను ముందుంచినవి. మరల వెనుకకు తీసికొనరాని చికిత్సల విషయమున జాగ్రత్త అవసరమని అవి హెచ్చరించుచున్నవి. కావున పండ్లు అరగదీయుడని గాని, ఊడబెరుకుడని గాని ఎవరైన చెప్పినచో రెండవ వైద్యుని అభిప్రాయము పొందకుండ అంగీకరింపరాదు.

మా మిత్రునికి జరిగిన చికిత్సయు ఇంతే. ఆరు వారములు మెత్తని ఆహారము, కాపడము, ఉదయసాయంకాలములు వ్యాయామము. చదువుచున్నపుడు ప్రతి అరగంటకు దవడ బిగిసినదేమో చూచుకొనుమని ఆ వైద్యురాలు చెప్పినది. నొప్పి క్రమముగ తగ్గి, తప్పిన పరీక్షలు మరుసటి సంవత్సరము వ్రాసి ఉత్తీర్ణుడయ్యెను. పోయిన దంతము మాత్రము తిరిగి రాలేదు.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎవరికైన చెవిపోటు మూడు వారములు మించి నిలిచినచో మొదట చెవి, ముక్కు, గొంతు వైద్యుని దర్శింపుడు. చెవి బాగుగ ఉన్నదని ఆయన చెప్పినచో సంతోషించి ఊరకుండక, "అయితే దవడను, పండ్లను, గొంతును చూడుడు" అని వినయముతో అడుగుడు. ఆ ఒక్క ప్రశ్న అనవసరమైన మందులనుండి మిమ్ము కాపాడవచ్చును. మీ ఇంటి పెద్దలలో ఒకరి ప్రాణమును నిలుపవచ్చును. కళాశాల కమిటీవారికి మా మనవి యొకటి. సంవత్సరమునకు ఒక్కమారైన ఒక దంతవైద్యుని కళాశాలకు ఆహ్వానించి విద్యార్థుల నోటిని, దవడను పరీక్షింపజేయుటకు ఒక ఉదయము చాలును. దానికి పెద్ద యంత్రములు అక్కరలేదు. ఒక దీపము, రెండు వ్రేళ్ళు, ఓపికగ వినెడు ఒక వైద్యుడు ఉన్న చాలును.